ఏ మందు పడదో అడిగిన డాక్టరమ్మ

మా నందిగామ ఆస్పత్రి డాక్టరమ్మగారు మొన్న ఆదివారం నిద్రలోనే కన్నుమూశారు. ఆమె దగ్గర చాలా ఏళ్ళు నర్సుగా పనిచేశాను. ఏ ఇంజెక్షనైనా చేసే ముందు సీసా మీది పేరు పైకి చదవడం ఆమె నేర్పిందే. ఇప్పటికీ అలాగే చదువుతాను.

ఆమెకు హడావుడి నచ్చేది కాదు. రోగి కుదురుగా కూర్చున్నాకే మాట్లాడించేవారు. టీలో పంచదార వద్దంటూనే రెండో బిస్కెట్ అడిగేవారు.

రోగుల వివరాలు వేరే ఊరి ఆస్పత్రులకూ కనిపించేలా కంప్యూటర్లో పెట్టాల్సి వచ్చినప్పుడు చిక్కు మొదలైంది. ఒకే జబ్బును ఒకరు షుగరు అని, ఒకరు డయాబెటిస్ అని, ఇంకొకరు పొడి అక్షరాల్లో రాసేవారు. కంప్యూటరుకు అవి మూడు జబ్బులు. ఇకపై అందరూ ఒకే పేరు, దానికిచ్చిన ఒకే కోడ్ వాడాలన్నారు. అది వెతికేలోపు బయట జనం పెరిగిపోతున్నారని కుర్ర డాక్టర్లు విసుక్కున్నారు. అరవై దాటిన ఆమె మాత్రం ఒక్కో వేలితో టైపు కొడుతూ నేర్చుకున్నారు.

"మనం రాసేది మనకోసం కాదయ్యా. ఈ పేషెంటుని ఎప్పుడూ చూడని డాక్టరు కోసం" అన్నారు వాళ్ళతో.

ఒకసారి చెవిటికల్లు నుంచి ఒక మిర్చి రైతు జ్వరంతో వచ్చాడు. తనకు ఇంజెక్షన్ పడదన్నాడు. జగ్గయ్యపేటలో చేయించుకుంటే ఒళ్ళంతా దద్దుర్లొచ్చి ఊపిరాడలేదట. మందు పేరు తెలియదు. ఆ మాటే రాసేద్దామా అని అడిగాను.

"ఏ మందో లేకుండా పడదని రాస్తే ఎవరికమ్మా ఉపయోగం?" అంటూ జగ్గయ్యపేట డాక్టరుకు ఫోన్ చేశారు. ఆయన పాత రికార్డు తీసేదాకా లైన్లోనే ఉన్నారు. అది పెన్సిలిన్. అలర్జీలు నమోదు చేసే చోట ఆ పేరునే కోడ్‌తో సహా ఎక్కించారు.

మరుసటి ఏడాది కంచికచర్ల దగ్గర అతని ట్రాక్టర్ బోల్తా పడింది. స్పృహ లేని మనిషిని విజయవాడ తీసుకెళ్ళారు. భార్యకు ఆ కంగారులో మందు పేరు గుర్తు రాలేదు. కానీ అతని హెల్త్ కార్డు, ఫోను ఆమె దగ్గరున్నాయి. ఆ ఫోనుకొచ్చిన ఓటీపీ ఆమె చెప్పగానే మా రికార్డు అక్కడి డాక్టరు ముందు తెరుచుకుంది. ఎక్కించబోతున్నది పెన్సిలిన్ జాతి మందే. ఆపేసి వేరేది ఇచ్చారు.

మనిషి కోలుకున్నాక ఆ డాక్టరే ఫోన్ చేసి ఇదంతా చెప్పారు. ఆ కబురు విన్న కుర్ర డాక్టర్లు మళ్ళీ విసుక్కోలేదు. డాక్టరమ్మగారు మాత్రం, "బతికాడు కదండీ, చాలు" అని ఫోన్ పెట్టేశారు. తర్వాతి పేషెంటుని పంపమనలేదు. కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుస్తూ, కిటికీలోంచి హైవే మీద విజయవాడ వైపు పోతున్న బస్సుల్ని చూస్తూ కూర్చున్నారు.