వెంట్రుక మందం తేడా

నాన్న నడిపిన పాత పెట్రోల్ కారు ఇంజన్‌ను నేను విప్పించిన ఏడాది, మా దీవిలోని ప్రోతరాపూర్ నుంచి ఆఫీసుకు రోజూ బస్సులోనే వెళ్లాను. సిలిండర్లు అరిగిపోయాయి, లోపలి రంధ్రం, అంటే బోరు, పెద్దది చేసి కొత్త పిస్టన్లు వేయాలన్నాడు మిస్త్రీ. చిన్నప్పుడే శ్రీకాకుళం నుంచి వచ్చి, ముప్పై ఏళ్లుగా పడవల ఇంజన్లు బాగుచేస్తున్న మనిషి.

"పోత పిస్టన్లు చాలు భయ్యా. ఈ బండికి అవే బాగుంటాయి" అన్నాడు.

నేను వినలేదు. ఫోర్జ్‌డ్ పిస్టన్లు, అంటే కరిగించి పోయకుండా వేడి లోహాన్ని అచ్చులో గట్టిగా నొక్కి చేసినవి, చాలా బలమని ఫోన్‌లో చదివాను. చెన్నై నుంచి ఓడలో అవే తెప్పించాను. సముద్రం బాగోక ఓడ రెండుసార్లు ఆగింది. పెట్టె అందేసరికి నా ఓపిక అడుగంటింది. "ఎంత త్వరగా అయితే అంత త్వరగా కానీ" అని దాన్ని మిస్త్రీ చేతిలో పెట్టాను.

అతను లేత్ షాపుకు తీసుకెళ్లి, కారు పాత పుస్తకంలో ఉన్న అంకె ప్రకారం బోరు చేయించాడు. పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య వెంట్రుక కన్నా సన్నని ఖాళీ వదిలాడు. ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. మూడు రోజులు గొప్పగా తిరిగాను.

నాలుగో రోజు నా భార్యతో చౌల్దారీలో పెళ్లికి బయలుదేరాను. ఎత్తు ఎక్కుతుండగా ఇంజన్ కిర్రుమని పట్టేసింది. ఎంత తిప్పినా కదల్లేదు. వెనక వచ్చిన బస్సును నా భార్య చెయ్యెత్తి ఆపింది.

"మీరు దాంతో మాట్లాడుకుంటూ రండి" అని పట్టుచీర ఎత్తిపట్టుకుని ఎక్కేసింది.

మర్నాడు మిస్త్రీ మీద విరుచుకుపడ్డాను. ఇంజన్ విప్పితే రెండు పిస్టన్ల పక్కలు గీరుకుపోయి ఉన్నాయి. అతను పిస్టన్లు వచ్చిన పెట్టె తెచ్చి, అడుగున మడత కూడా విప్పని కాగితం తీసి నాకిచ్చాడు. ఈ రకం పిస్టన్లు వేడికి ఎక్కువ ఉబ్బుతాయి, ఖాళీ రెట్టింపు ఉంచాలి అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ఉంది.

"నాకు అంగ్రేజీ రాదు భయ్యా. నీకొచ్చు గదా. పెట్టె ఇచ్చేముందు ఒక్కసారి చూసుంటే ఏటయ్యేది?"

నా మీద నాకే వచ్చిన ఆ చిరాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఇంకో ఓడ కోసం కాచుకున్నాం. కొత్తగా వచ్చిన రెండు పిస్టన్లు, మొదట తెప్పించినవాటిలో బాగున్న రెండు పక్కన పెట్టుకుని, ఈసారి నేను కాగితం చదువుతూ ఉంటే అతను ఒక్కో సిలిండర్ కొలిచి, ఖాళీ పెరిగేలా గోడలు సాన పట్టించాడు. ఖాళీ సరిపోయింది. చౌల్దారీ ఎత్తును కారు ఆగకుండా ఎక్కింది.

కాకపోతే ఖాళీ ఎక్కువ కాబట్టి పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు టకటకమని కొట్టుకుంటుంది, వేడెక్కాక మానుతుంది. ఈలోగా దారినపోయే ప్రతివాడూ ఆగి, "భయ్యా, పిస్టన్ లూజుగా ఉన్నట్టుంది, ఓసారి చూపించు" అంటాడు.