పుంజు అన్నచోట పెట్ట

నా చిన్నప్పుడు, అంటే టీవీలో బొమ్మ కోసం డాబా ఎక్కి యాంటెనా తిప్పుకునే రోజుల్లో, ఉయ్యూరులో మా తాతయ్యకు ఒక పిచ్చి ఉండేది. పల్నాటి యుద్ధం మీద పాత పుస్తకం ఎక్కడుందన్నా వెళ్లి తెచ్చుకోవాల్సిందే. బెజవాడ పాత పుస్తకాల కొట్లవాళ్లు ఆయన్ని చూడగానే కుర్చీ వేసేవారు. బీరువా నిండా అవే, ముట్టుకుంటే పొడి రాలేవి.

అన్నిట్లోకీ అపురూపమైనది మాత్రం సగమే ఉండేది. అది వాళ్ల నాన్నగారిది. పంపకాలప్పుడు నాకంటే నాకని తాతయ్యా, ఆయన తమ్ముడూ పట్టుబట్టి, చివరికి కత్తితో మధ్యకు కోసి పంచుకున్నారట. అన్నదమ్ముల యుద్ధం పుస్తకాన్ని అన్నదమ్ములే చెరిసగం చేసుకున్నారు, ఏమనాలి చెప్పండి. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. చిన్నతాతయ్య ఉండేది పక్కింట్లోనే, మధ్యలో పొట్టిగోడ. ఇంకో ప్రతి కోసం తాతయ్య ఊళ్లన్నీ తిరిగేవారు గానీ ఆ గోడ దాటేవారు కాదు. ఒక్కోసారి ఆ సగం పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేవారు. చూస్తే జాలేసేది.

ఒక వేసవి సాయంత్రం మా నాయనమ్మ ఆ సగం నా చేతిలో పెట్టి, అరుగు మీద కూర్చుని గట్టిగా చదవమంది. తాతయ్య పడక్కుర్చీలో వింటున్నారు. కోడిపందెం ఘట్టం రాబోతుంటే నాయనమ్మ నా చెవిలో, "పుంజు అని ఉన్నచోటల్లా పెట్ట అని చదువు" అంది. తిట్లు తప్పవనుకుంటూనే చదివేశాను. రెండు పెట్టలు బరిలో దిగాయి. తాతయ్య ముఖం చిట్లిస్తే నాయనమ్మ కళ్లతోనే ఆపింది. పెట్ట రెక్కలు విదిల్చింది. పెట్ట ఎగిరి తన్నింది. గోడ అవతల మంచం కిర్రుమంది.

"నీ చదువు తగలెయ్య, పెట్ట ఎక్కడన్నా పందేనికి దిగుతుందిటే? అది పుంజు. ఏం అన్నయ్యా, నువ్వు వింటూ ఊరుకుంటావేంటి?"

అన్నయ్యా అనేశాక ఆయనే గతుక్కుమన్నారు. తాతయ్య గొంతు సవరించుకుని, "దానికేం తెలుసురా, నువ్వే వచ్చి చదువు. నీ సగం కూడా పట్రా" అన్నారు.

చిన్నతాతయ్య పంచె ఎగ్గట్టి గోడ దూకే వచ్చారు. ఆఖరి పేజీ దాకా చదువుకుని, ఏ పక్షానిది న్యాయమో తేలక మళ్లీ అరుచుకున్నారు, కాకపోతే ఈసారి కాఫీలు తాగుతూ. తాతయ్య అంత సంతోషంగా అరవడం నేనెప్పుడూ వినలేదు.

నాయనమ్మ నేర్పిన ఆ విద్య ఇప్పటికీ వాడుతున్నాను. ఎవరైనా అలిగి మాట మానేస్తే బతిమాలను. వాళ్లకు బాగా తెలిసిన సంగతేదో వాళ్ల చెవిన పడేలా తప్పు చెబుతాను. దిద్దడానికైనా నోరు తెరవాలి కదా, తెరిచాక మళ్లీ మూసుకోవడానికి ఎవరికీ మనసు రాదు.