పక్క సీటుకు రాయబారం

ఉద్యోగం కొత్తగా ఉన్న ఆ రోజుల్లో ఆఫీసంతా తన వల్లే నడుస్తోందని మనిషి ఎంత తేలిగ్గా నమ్మేస్తాడో తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. మెడలో ఐడీ కార్డు పడిందో లేదో నాకు బెంగళూరు హూడి రోడ్డు మీద ట్రాఫిక్కు కూడా ముద్దుగా కనిపించింది. మారతహళ్ళి పీజీ హాస్టల్లో ఉప్మా తినేటప్పుడు కూడా ఆ కార్డు తీసేదాన్ని కాదు (స్నానానికి తీసేదాన్ని, అంత పిచ్చిదాన్నేమీ కాదు). ఆరునెలలు ప్రొబేషన్. ఆ తర్వాత నన్ను ఉంచుకోవాలో పంపెయ్యాలో నాకు అటూ ఇటూ కూర్చునే ఇద్దరు సీనియర్లను అడిగి మేనేజరు తేలుస్తాడు. మదనపల్లెలో మా నాన్న అప్పటికే మా అమ్మాయికి బెంగళూరులో పర్మనెంటు ఉద్యోగమని వీధంతా చెప్పేసుకున్నారు.

ఎడమవైపు టెస్టింగ్ అక్క. తాతల కాలం నుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్ళ అమ్మాయి. ఆమె నోట అందరూ ‘అప్పా’లే, ఆడపిల్లనైన నాతో సహా. కుడివైపు సర్వర్ అన్న, అనంతపురం ఆయన. వీళ్ళిద్దరికీ మాటల్లేవు. ఎప్పుడో అక్క ఆయన తప్పు చూపిస్తూ ఒక మెయిలు రాసి, సీసీలో మేనేజర్ని పెట్టిందట. ఆ రోజు నుంచి ఆయన ఆమెను ‘ఆయమ్మ’ అనీ, ఆమె ఆయనను ‘ఆయప్ప’ అనీ మధ్య కుర్చీలో ఉన్నవాళ్ళతోనే చెప్పుకుంటున్నారు. నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నతను ఒకనాడు పొరపాటున అక్క మాటే నిజమన్నాడట. మర్నాటి నుంచి అన్న అతని ముఖం చూడలేదు. అతను పై అంతస్తుకు బదిలీ అడిగి వెళ్ళిపోయాడు.

నేను మాత్రం ఎవరి పక్షానా చేరకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అక్క, “ఆయప్ప బిల్డు మళ్ళీ పడిపోయిండాదని చెప్పప్పా” అనేది (బిల్డంటే అన్న కూర్చి పెట్టే సాఫ్ట్‌వేర్). ఆయన చేతికందేంత దూరంలోనే ఉండేవాడు. అయినా నేను కుర్చీ ఆయన వైపు తిప్పి, అక్క వీలుచూసుకుని ఒకసారి బిల్డు చూడమంటున్నారన్నా అని విన్నవించేదాన్ని. ఆయమ్మను కళ్ళద్దాలు మార్చుకోమను అని ఆయనంటే, నేను ఇటు తిరిగి, ఇంకోసారి చూసి చెప్తే సంతోషిస్తానంటున్నారక్కా అనేదాన్ని. తెలుగులోంచి తెలుగులోకి అనువాదం చేసి జీతం తీసుకున్నది బహుశా నేనొక్కదాన్నేనేమో. ఎంత హుషారుగా చేసేదాన్నంటే, రెండు దేశాల మధ్య యుద్ధం ఆపుతున్నానని రోజూ పీజీలో రూమ్మేటుకు చెప్పి ఆమె నిద్ర పాడుచేసేదాన్ని.

ప్రొబేషన్ ముగిసే వారంలోనే క్లయింటుకు సాఫ్ట్‌వేర్ అందించాల్సిన రోజు వచ్చింది. ముందురోజు వానలో తడుస్తూ ఐస్‌క్రీం తిన్న పుణ్యానికి తెల్లారేసరికి నాకు గొంతు పూర్తిగా పోయింది. సెలవు పెడితే రాయబారం ఎవరు నడుపుతారు? వెళ్ళాను. పేమెంటు పేజీ రావడం లేదని ఆయప్పకు చెప్పమంది అక్క. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. బొటనవేలూ చూపుడువేలూ రుద్ది డబ్బు అని చూపించాను. జీతం సంగతి తనకేం తెలుసన్నాడు అన్న. తలుపు తెరుచుకోవడం లేదన్నట్టు రెండు అరచేతులూ దగ్గరికి మూశాను. నాకెందుకు నమస్కారం పెడుతోందీ పిల్ల అని ఆయన కంగారుపడ్డాడు. నేను మళ్ళీ వేళ్ళు రుద్దాను, మళ్ళీ దండం పెట్టాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క ఇక ఉండబట్టలేక కుర్చీలోంచి లేచింది.

“జీతం కాదప్పా, పేమెంటు పేజీ. మీరు నిన్న మార్చినారే, అప్పట్నుంచి రాకుండా ఉండాది.”

ఫ్లోరంతా కీబోర్డులు ఆగిపోయాయి. అన్న తన స్క్రీన్ మీద ఆ పేజీ తెరిచి చూశాడు. తర్వాత నా మీదుగా తల తిప్పి, ఏ ఫోన్లో చూశారని అడిగాడు. అంతే. సాయంత్రం దాకా ఇద్దరూ నా నెత్తి మీదుగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. సాఫ్ట్‌వేర్ వేళకే క్లయింటుకు వెళ్ళిపోయింది. నాకు ఆనందంతో గంతులెయ్యాలనిపించింది. మరుక్షణమే ఇంకో ఆలోచన వచ్చింది. వీళ్ళే మాట్లాడుకుంటే ఇక నాతో పనేముంది?

రెండు రోజులకు మేనేజరు ముగ్గుర్నీ పిలిచి, ఈ అమ్మాయి సంగతేమిటన్నాడు. అక్కా అన్నా ఒకేసారి, ఉండాల్సిందే అన్నారు. బయటికొచ్చాక నేను ఉబ్బితబ్బిబ్బై, మీ మాటలు మెత్తబరచడానికి చాలా కష్టపడ్డానని వినయంగా మనవి చేసుకున్నాను.

“మాకు చెవుల్లేవనుకున్న్యావా పాపా?” అన్నాడు అన్న. “నువ్వు దాన్ని ఎట్ల తిప్పి చెప్తావో విందామనే నేను ఇంకొంచెం ఘాటుగా అంటా ఉంటి.”

అక్క నవ్వాపుకోలేక గోడకు ఆనుకుంది. తనూ అంతేనట.

అంటే ఆరునెలలూ నేను ఆపిన యుద్ధం వాళ్ళకు కాలక్షేపమన్నమాట. ఆ రోజు సిగ్గుతో లిఫ్టు కూడా ఎక్కకుండా మెట్ల మీదుగా దిగిపోయాను. ఇప్పుడు నాకు ఆ సిగ్గేమీ లేదు. కుర్చీ అటూ ఇటూ గిరగిరా తిప్పుతూ, ప్రతి తిట్టుకూ ఒక మర్యాద అతికించి అందించిన ఆ పిల్లను తలచుకుంటే ముద్దొస్తుంది. అంత నమ్మకంగా ఇప్పుడు నేను ఏ పనీ చెయ్యడం లేదు.