దులపకూడని బూజు

నా నెత్తిమీద నేనే చెయ్యి పెట్టుకుని ఒట్టేసి చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా నెత్తిమీద జుట్టు పెద్దగా లేదు కాబట్టి ఒట్టు నేరుగా తగులుతుంది. ఆ భయం నాకూ ఉంది.

మౌంట్ ఆల్బర్ట్‌లో మా ఇల్లు పాతది. బయట ఇటుక గోడ, లోపల చెక్క చట్రం, దానిమీద బోర్డు. మధ్యలో ఏమీ లేదు, చలి తప్ప. ఇక్కడ జూలై అంటే నడి చలికాలం; ఆ నెలలో పెరుగు తోడుకోవాలంటే గిన్నెని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళం, అక్కడైతే కాస్త వెచ్చగా ఉంటుందని. పన్నెండేళ్ళ మా అమ్మాయికి ఆయాసం. ఇల్లు వెచ్చగా, పొడిగా ఉంచమని డాక్టరు చెప్పాడు. అందుకని గోడల్లో ఇన్సులేషన్ పెట్టించాం.

పెట్టినవాడు వరంగల్ వాడు. చదువుకోవడానికి వచ్చి, ఊరికి దక్షిణాన మనురేవాలో అయిదుగురితో కలిసి ఫ్లాట్‌లో ఉండి, ఈ పని నేర్చుకుని సెటిల్ అయ్యాడు. అమ్మాయి గదిలో బోర్డులు విప్పి, చెక్కల మధ్య దూది పరుపుల్లాంటివి కూర్చి, మళ్ళీ మూసి రంగు వేసి వెళ్ళాడు. గది వెచ్చబడింది. పిల్ల దగ్గు తగ్గింది.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఒక శనివారం ఇంటి చుట్టూ తిరుగుతుంటే కింది వరస ఇటుకల్లో, రెండు మూడు ఇటుకలకొకటి చొప్పున, వేలు పట్టేంత సందులు కనిపించాయి. సిమెంటే లేదు. మేస్త్రీ బద్ధకం అనుకున్నాను. మా తెనాలి వైపు గోడకి సందుందంటే తేలు కాపురానికి దిగిందని అర్థం. ఈ దేశంలో పాములు లేవని నాకు తెలుసు గాని నా చేతులకి తెలియదు. పైగా కొత్తగా పెట్టించిన వెచ్చదనమంతా ఇటునుంచే కారిపోతోందేమోనని ఇంకో దిగులు. సిమెంటు కలిపి ఒక్క సందు మిగలకుండా పూడ్చి, బొటనవేలితో నున్నగా రుద్దాను. ఎవరికీ చెప్పలేదు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. బాతులు కూడా మా వరండాలోకి వచ్చి నిలబడ్డ వానలు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ, "ఏవండీ, పిల్ల గదిలో బీరువా వెనక బూజు పట్టింది, కాస్త చూడండి" అంది. మన భాషలో సాలీడు అల్లేదీ బూజే, ఆవకాయ మీద పట్టేదీ బూజే. నాకు సాలీడు వినిపించింది. తలకి తువ్వాలు చుట్టుకుని, కర్రకి చీపురు కట్టుకుని వెళ్ళాను. బీరువా జరిపితే గోడకి మోకాలెత్తున నల్లగా, పచ్చగా మచ్చలు. దులపడానికి వచ్చినవాణ్ణి కదా, దులిపాను. చిన్న మబ్బులాంటిది లేచి పిల్ల దిండు మీద దిగింది.

సాయంత్రం పిల్ల ఆ దిండు మీద తల ఆనించి పుస్తకం చదువుకుంది. దీపాలు పెట్టే వేళకి భుజాలు పైకి లేస్తున్నాయి, మెడ దగ్గర గుంట పడుతోంది.

"నాన్నా, ఐ కాంట్..." అంది. మిగతా మాట రాలేదు.

నీలం ఇన్‌హేలర్ నోటికి పెట్టి మా ఆవిడ అంకెలు లెక్కపెడుతోంది. నేను పిల్ల వీపు మీద చెయ్యేసి కూర్చున్నాను. చేతి కింద ఎముకలు ఈలలు వేస్తున్నట్టుంది. అంబులెన్స్‌కి ఫోన్ చేద్దామని వేలు పెట్టేసరికి, ఊపిరి ఒకటి పూర్తిగా లోపలికి వెళ్ళింది.

అప్పుడు మా ఆవిడ నావైపు తిరిగింది. "దులిపారా? బూజుపట్టిన పచ్చడిని ఎవరన్నా చీపురుతో దులుపుతారండీ?"

పిల్లని మా గదిలోకి మార్చాం. అయినా ప్రతి పొద్దునా ఈల వినిపిస్తూనే ఉంది. గోడ లోపల ఏదో పెరుగుతోంది, దాని గాలే ఇల్లంతా తిరుగుతోంది. మా ఆవిడ వరంగల్ అబ్బాయికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"అన్నా, బయట ఇటుకల కింది వరసల సందులుంటయ్ గదా, అవి ఓపెన్‌గనే ఉన్నయా?"

"ఆ, ఉన్నాయి, ఉన్నాయి" అన్నాను. నా నాలుక ఎప్పుడూ నాకన్నా ముందు నడుస్తుంది.

"అయితే మంచిదే. వాన నీళ్ళు ఇటుకలకెల్లి లోపటికి దిగుతయ్, ఆ సందులకెల్లే బయటికొస్తయ్, గాలి గూడ ఆడుతది. అవి మూసుకుపోతే గోడంత నానుతది."

అప్పుడైనా చెప్పాల్సింది.

మా ఆవిడ ఫోన్ లాక్కుంది. "నువ్వు పెట్టకముందు లేదయ్యా ఇది. తడిసిన సరుకేదో పెట్టావు."

"శనారం వచ్చి చూస్త వదినా."

మధ్యలో అయిదు రోజులు. రోజూ వాన, రోజూ ఈల. బుధవారం మా ఆవిడ ఆఫీసు మీటింగులో ఉండగా, సందులు మళ్ళీ తెరుద్దామని స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్ళాను. జీవితంలో నేను గట్టిగా చేసిన పని ఆ సిమెంటొక్కటే. గీత కూడా పడలేదు. కిటికీలోంచి, "వానలో ఏం చేస్తున్నారండీ?" అని కేక. "నత్తలు ఏరుతున్నా" అన్నాను.

శనివారం వాడు వచ్చి బోర్డు కింది భాగం కోశాడు. తడి గోనె వాసన కొట్టింది. లోపలి పరుపు లాగితే తడిసిన బొంతలా బరువుగా వచ్చింది. వెనక చెక్కంతా నలుపు.

"పిల్ల ఊపిరితో ఆడుకున్నావు కదయ్యా!" అని మా ఆవిడ వాడిమీద విరుచుకుపడింది. వాడు తల వంచుకున్నాడు.

నేను ముందుకి వచ్చాను. "వాణ్ణి అనకు. సందులన్నీ సిమెంటుతో పూడ్చింది నేను."

"ఇప్పుడు కూడా కోతలేనా?" అంది. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళి చూపించాను. వాడు డ్రిల్లు పెట్టాడు. మొదటి సందు తెరుచుకోగానే టీ డికాషన్ రంగు నీళ్ళు సన్నగా కారాయి, ఎంతసేపటికీ ఆగలేదు.

తర్వాత మూడు వారాలు గోడ తెరిచే ఉంచాం. గది తలుపు మూసి, తడి లాగే మిషన్ పెట్టాం. చెక్క ఆరాక బూజు తుడిచి, కొత్త పరుపులు పెట్టి మూశాడు. ఈల ఆగింది. పిల్ల తన గదికి వెళ్ళింది.

ఇక ఒప్పుకోలు. ఇందులో ఒక్క ముక్క నేను కల్పించింది: నేను ముందుకి రావడం.

నేను రాలేదు. మా ఆవిడ వాణ్ణి తిడుతుంటే గుమ్మంలో నిలబడి విన్నాను. వాడు ఒక్కడే బయటికి వెళ్ళి సందుల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నేను వెనకాలే వెళ్ళాను. సిమెంటు మీది వేలిముద్ర మీద తన బొటనవేలు ఆనించి చూసి, నా చేతికేసి చూశాడు.

"తాజాగనే ఉంది గదా అన్నా" అన్నాడు.

నేను చెయ్యి జేబులో పెట్టుకున్నాను. వాడు లోపలికి వెళ్ళి, "ఎవలో సందులు మూసిండ్రు వదినా. ఫోన్ల అడిగి ఊకున్న, అప్పుడే వచ్చి చూడాల్సుండె. నాదే తప్పు" అన్నాడు. ఆ అయిదు రోజులు పిల్ల పీల్చింది నా అబద్ధాన్నేనని వాడికి తెలుసు. అయినా అనలేదు.

వాడిచేత పని చేయించుకోవద్దని మా ఆవిడ అప్పుడే మూడు ఇళ్ళవాళ్ళకి చెప్పింది. ఇదంతా రాసిన ఈ కాగితం ముందు ఆమె చేతికిస్తాను. తర్వాత ఆ మూడిళ్ళకీ నేనే వెళ్ళాలి. నా మాట ఇంతవరకూ ఎవరూ నమ్మింది లేదు.