డ్రిల్లు మాస్టారి మోకాలు

ఆ రోజుల్లో మా విజయనగరం వైపు మనిషి మంచాన పడితే మందు కంటే ముందు బంధువులు దిగేవారు. వచ్చినవాళ్ళు తలా ఒక సలహా ఇచ్చి, దాన్ని పాటిస్తున్నామో లేదో చూడడానికి మళ్ళీ వచ్చేవారు. ఇప్పుడు తలుచుకున్నా నాకు మోకాలి నొప్పి కంటే ఆ మాటలు విన్న నీరసమే ముందు గుర్తొస్తుంది.

అరవైల చివరి సంగతి. నాకు ఇరవై మూడేళ్ళు. శృంగవరపుకోట దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేరి నాలుగు నెలలైంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. (ఖాయం కాని మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. నేను పెట్టుకోలేదు.) ఒక ఆదివారం మాకూ తాలూకా ఆఫీసు గుమాస్తాలకూ చెడుగుడు పోటీ పెట్టారు. కూతకు వెళ్ళి, ఒక బొద్దు గుమాస్తాను తాకి, గొప్పగా గిరుక్కున వెనక్కి తిరిగాను. ఒళ్ళు తిరిగింది, పాదం తిరగలేదు. మోకాల్లో 'టప్'మంది. ఆ చప్పుడు గీతకు ఇవతల నిలబడ్డ సైన్సు మాస్టారికి కూడా వినిపించిందట. సాయంత్రానికి మోకాలు గుమ్మడికాయంత అయింది.

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. పెద్ద డాక్టరుగారు మోకాలిని అటూ ఇటూ లాగి చూసి, లోపల ఎముకలను పట్టి ఉంచే నరంలాంటి పట్టీ తెగిందన్నారు. ఆరు వారాలు సిమెంటు కట్టు వేసి, ఆ పైన కసరత్తు చేయిస్తే చాలని ఆయన మాట. కొత్తగా పైచదువు చదివి వచ్చిన చిన్న డాక్టరుగారేమో, ఆటలాడించే ఉద్యోగం కనక కోసి కుట్టేస్తేనే గట్టిగా నిలుస్తుందన్నారు. ఇద్దరూ మర్యాదస్తులు. ఒకరి మాట ఒకరు కాదనకుండా, "రెంటిలో ఏదైనా చెయ్యొచ్చు. నువ్వే ఆలోచించుకుని చెప్పు" అని భారం నా మీద పెట్టి వెళ్ళిపోయారు.

నేను ఆలోచించుకునే లోపలే మా మావ (అమ్మ తమ్ముడు), మా బావ (అక్క మొగుడు) మంచానికి చెరో పక్కా కూర్చున్నారు. బావ గరివిడిలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు.

"ఒరే బామ్మర్దీ, బెల్టు తెగిపోతే మిషనుకి గుడ్డ సుట్టి కూకుంటావేటి? ఇప్పీసి బాగుసెయ్యాల. కోయించీసుకో" అన్నాడు.

పొలం తప్ప మరొకటి తెలియని మావ చెయ్యి అడ్డం పెట్టాడు. "కోత్తే మళ్ళీ అతుకుతాదని నువ్వు సూసినావేటి? మా ఎద్దుకి కాలు బెణికితే కదపకుండా కట్టీసినాను. నెల తిరిగీసరికి దుక్కిలోకి దిగిపోనాది. ఒరే అల్లుడూ, కట్టే కట్టించుకో."

"ఎద్దు డ్రిల్లు సెప్తాదేటి?" అన్నాడు బావ.

"నీ మిషను నొప్పని ఏడుత్తాదేటి?" అన్నాడు మావ.

ఇలా నాలుగు రోజులు. మావ మాటకు అటూ, బావ మాటకు ఇటూ తలూపీ ఊపీ మెడ కూడా నొప్పి పుట్టింది. నా భయం నాది. కుంటి డ్రిల్లు మాస్టారిని ఎవరుంచుకుంటారు?

చివరికి తేల్చింది పక్క మంచం మీది జాలరి. శ్రీకూర్మం అవతలి తీరం వాడు. పడవ తోస్తూ మోకాలు తెంచుకుని, చిన్న డాక్టరుగారి చేత కోయించుకున్నాడు. మావాళ్ళిద్దరూ టీకి వెళ్ళిన సమయం చూసి అన్నాడు: "బాబూ, నాకు కోసినారు. ఇప్పుడు కాలెత్తు, దించు అని సంపేస్తన్నారు. నీకు కట్టేసినా ఇదే సెప్తారు. ఏటి సేసినా కాలెత్తాల్సినోడివి నువ్వే. మీ బావా ఎత్తడు, మీ మావా ఎత్తడు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కట్టు చాలని చెప్పేశాను. (బాగా ఆలోచించి ఎంచుకున్నాననుకోకండి. కత్తంటే భయం, అంతే.) బావ అలిగి ఆ పూట బస్సుకే వెళ్ళిపోయాడు.

ఆరు వారాల తరువాత కట్టు విప్పితే లోపల నుంచి ములక్కాడ లాంటి కాలొకటి బయటపడింది. ఎవరిదోననుకున్నాను. మూడు నెలలు పాదానికి ఇసక సంచి కట్టి ఎత్తాను, దించాను. విసుగెత్తి ఏడ్చిన రోజులూ ఉన్నాయి. 'ఇంకో పది' అంటూ దగ్గర కూర్చుని ఎత్తించింది అలక మానిన బావే.

స్కూలుకు మళ్ళీ వెళ్ళిన మొదటి రోజున హెడ్మాస్టరుగారు వరండాలో నిలబడి, "ఏదీ, సేయించండి సూద్దాం" అన్నారు. రెండు వందల మంది పిల్లలు. నేను ముందు నిలబడి 'పీఛే ముడ్' అని అరిచి, వెనక్కి తిరగడం ఎలాగో చేసి చూపించబోయాను. మోకాలు జారింది. దుమ్ములో చతికిలబడ్డాను. మరుక్షణం వెనక దబదబా చప్పుడు. పిల్లలంతా, ఇదే కొత్త పద్ధతి కాబోలనుకుని, ఒక్కసారిగా కూలబడ్డారు.

హెడ్మాస్టరుగారు మెల్లగా మెట్లు దిగి వచ్చారు. "ఏటయ్యా మేష్టారూ, ఇది కొత్త సిలబస్సా?"

లేవడానికి ఓపిక లేదు, జరిగింది చెప్పుకోవడానికి అంతకన్నా లేదు. "అవునండీ" అన్నాను.

ఆయన పిల్లల వైపు చూశారు. "బాగున్నాది. ఈ పిల్లగుంటలు ఒక్కసారిగా కలిసి సేసిన పని నానింతవరకూ సూళ్ళేదు" అని వెళ్ళిపోయారు. ఆ నెలలోనే ఉద్యోగం ఖాయమైంది.

ముప్పైమూడేళ్ళు ఆ మోకాలితోనే డ్రిల్లు చెప్పాను. తిన్నగా నడిస్తే పేచీ లేదు, వెనక్కి తిరగాలంటే మాత్రం నాలుగడుగులు చుట్టుకుని తిరిగేవాణ్ణి. కోయించుకుని ఉంటే ఎలా ఉండేదో నాకు తెలియదు, ఇప్పుడు తెలుసుకునే ఓపికా లేదు. కాని దుమ్ములో కూలబడి, బతుకు అక్కడితో అయిపోయిందనుకుంటూ, హెడ్మాస్టరు మొహంలోకి చూసి 'అవునండీ' అన్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే జాలేస్తుంది. చెయ్యి అందించి లేపి, "ఏం పరవాలేదురా" అనాలనిపిస్తుంది.