క్యారేజీ గారి ఆచూకీ

క్యారేజీ గారికి ఉన్న జబ్బు ఒక్కటే. తాను ఎక్కడున్నదీ తన ఫోనుకి తెలియకూడదు.

మిగతా విషయాల్లో ఆయన అందరిలాంటి మనిషే. మా నీటి పరీక్షల ల్యాబులో అందరికంటే సీనియర్ కెమిస్టు. బ్యూరెట్టులోంచి ఒక్క చుక్క ఎక్కువ పడితే చాలు, మొత్తం పారబోసి మళ్లీ మొదలుపెట్టే రకం. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. ఫోను ఊసెత్తితే మాత్రం వెనకా ముందూ చూసుకుని, గొంతు తగ్గించి, "నెమ్మదిగా అమ్మాయ్, అది వింటుంది" అనేవారు.

ఆయన ఫోను ఉండేది జేబులో కాదు, నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీలో. పై మూడు గిన్నెల్లో భోజనం, అడుగు గిన్నెలో ఫోను. అది కూడా ల్యాబులో వాడే అల్యూమినియం రేకుతో ఊపిరాడకుండా చుట్టి ఉండేది. మధ్యాహ్నం ఒకసారి మూత తీసి, కూర పాడైందేమో చూసినట్టు దాన్ని చూసి, మళ్లీ బిగించేవారు. ఆయన అసలు పేరు జీతాల కాగితం మీద కనిపిస్తే "ఈ కొత్తాయన ఎవరు?" అని మేము ఒకరినొకరం అడుగుతాం.

పాపం, ఆయన భార్య ల్యాబు ల్యాండ్‌లైనుకి ఫోన్ చేసేది.

"అమ్మాయ్, ఆయనున్నారా?"

"ఉన్నారండీ."

"ఎక్కడ?"

నేను ఆయన వైపు చూసేదాన్ని. ఆయన రెండు చేతులూ ఊపేవారు.

"ఉన్నారండీ."

"ముప్పై ఏళ్ల కాపురంలో నాకూ అంతే తెలుసు తల్లీ," అని ఆవిడ పెట్టేసేది.

ఒకసారి కరెంటు పోతే ఫోనులో టార్చి వెయ్యమన్నాను. అది 'మీ లొకేషన్ తెలుసుకోవచ్చా?' అని అడిగింది. క్యారేజీ గారు ఫోనుని విషప్పురుగులా బల్ల మీదికి విసిరారు. "దీపానికి నా ఊసెందుకు అమ్మాయ్? వెలుతురు ఎక్కడ పడుతోందో దానికే కనపడటం లేదా?" అని, ఆ పూట పని కొవ్వొత్తి వెలుగులోనే చేశారు.

కారు బుక్ చేసుకుంటే ఇంటిదాకా వెళ్లేవారు కాదు. రెండు వీధుల అవతల పోస్టాఫీసు దగ్గర దిగి నడిచేవారు. ఇల్లు తెలిసిపోతుందట. ఒకనాడు జోరున వాన. పోస్టాఫీసు దగ్గర దిగబోతుంటే కారు డ్రైవరు అన్నాడట: "తడిసిపోతారు, కూర్చోండి సార్. నీలం గేటు ఇల్లే కదా మీది? ఈ చుట్టుపక్కల కారు నడిపేవాళ్లందరికీ తెలుసు. పోస్టాఫీసు దగ్గర దిగి దొంగలా నడిచే ఆయన ఇల్లంటే చిన్నపిల్లాడైనా చూపిస్తాడు."

ఆయన్ని చూసి అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. ఎందుకంటే నేను తూర్పు, ఆయన పడమర. మా ఇంట్లో నేను, మా ఆయన, మా అత్తగారు ముగ్గురం ఒకే లొకేషన్ గ్రూపులో ఉంటాం. మా అత్తగారు కూరగాయల దుకాణంలోంచి పక్క దుకాణంలోకి మారితే నా ఫోను టింగుమంటుంది. ల్యాబుకి రెండు వీధుల అవతలి డే కేర్‌లో ఉండే నా పది నెలల కూతురి కాలికి ఒక పట్టీ కట్టాను. పాప ఎక్కడుందో, ఎంత వేడిగా ఉందో అది నిమిషనిమిషానికీ చెబుతుంది.

"ఆ పట్టీకి పాప ఒప్పుకుందా?" అని అడిగారు క్యారేజీ గారు.

"పది నెలల పిల్ల, మాస్టారూ!"

"అంటే అడగలేదన్నమాట."

ఒక రోజు ఆ పట్టీ నా కూతురు నాలుగు రోడ్ల కూడలి మధ్యలో ఉందని చెప్పింది. ల్యాబు కోటుతోనే, చేతిలో పిపెట్టుతోనే పరుగెత్తాను. పాప ఉయ్యాల్లో నోరు తెరుచుకుని నిద్రపోతోంది. నిద్రలేపి మరీ ఏడిపించి వచ్చాను.

"ఎంత తేడా చూపించింది?" క్యారేజీ గారు అడిగారు.

"ముప్పై మీటర్లు అటూ ఇటూ రావచ్చట."

"అటూ ఇటూ అంత తేడా ఉన్న రిపోర్టు మీద నువ్వు సంతకం పెడతావా?"

ఒళ్లు మండింది. ఆయన నమ్మకాన్ని శాస్త్రీయంగా చితక్కొట్టాలని అప్పటికప్పుడు ప్రయోగం పెట్టాను. ఆయన ఫోనుకి రేకు చుట్టి, క్యారేజీలో పెట్టి మూత బిగిస్తే, పదిసార్లు ఫోన్ చేసినా ఒక్కసారీ మోగలేదు. రేకు తీసి, మూత వదులుగా పెడితే పదిలో తొమ్మిదిసార్లు మోగింది. "చూశారా? మూత వదులైతే మీ రహస్యమంతా లోకానికి తెలిసిపోతుంది," అన్నాను.

క్యారేజీ గారు నోటుబుక్కు తీసి పట్టిక గీసుకుని, "వదులు మూత, తొమ్మిది," అని శ్రద్ధగా రాసుకున్నారు. ఓటమిని ఇంత నీటుగా రాసుకునేవాళ్లని నేను చూడలేదు.

అప్పుడొచ్చింది మేనేజరు గారి కొత్త యాప్. దాని పేరు 'మన కుటుంబం'.

"కుటుంబంలో ఎవరెక్కడున్నారో అందరికీ తెలియాలి కదా," అన్నారు మేనేజరు గారు సమావేశంలో. ప్రతి ఉద్యోగీ ఆయన గదిలో గోడ తెర మీద ఒక చుక్కగా కనిపిస్తారు. ల్యాబు ఆవరణ చుట్టూ ఎర్ర గీత. చుక్క గీత దాటితే గంట మోగుతుంది, పూట సెలవు పోతుంది. చుక్క అరగంట కదలకపోతే నిద్రపోతున్నారని రాసుకుంటుంది.

"మీ చుక్క కూడా కనిపిస్తుందా సార్?" అని అడిగింది గాజుసామాను కడిగే అక్క.

"నాదెందుకమ్మా? నేను కుటుంబ పెద్దని."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా కూతురు సీసా ముట్టదు. రోజూ మూడున్నరకి టీ విరామం మానుకుని, డే కేర్‌కి వెళ్లి పాలిచ్చి, ఇరవై నిమిషాల్లో వచ్చేదాన్ని. పాప జలుబులకే నా సెలవులన్నీ హరించుకుపోయాయి. ఇక గీత దాటితే ఉద్యోగానికే ఎసరు. దాటకపోతే పిల్ల సాయంత్రందాకా ఆకలితో గుక్కపట్టి ఏడవాలి. ఆ ఏడుపు కాలి పట్టీ నాకు ఉష్ణోగ్రతతో సహా చూపిస్తుంది. నిజం చెప్పాలంటే, లోకంలో అందరి లొకేషనూ నాకు తెలియాలి కానీ నా లొకేషను ఎవరికీ తెలియకూడదని నా జీవితంలో మొదటిసారి అనిపించింది.

యాప్ అందరికంటే ముందు ఎవరు వేయించుకున్నారనుకున్నారు? క్యారేజీ గారు. ల్యాబంతా ముక్కున వేలేసుకుంది. పులి గడ్డి మేసిందన్నారు. రిటైర్మెంటు నాలుగు నెలల్లో ఉంది కదా, భయపడ్డాడన్నారు. అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

మర్నాడు మూడూ ఇరవై అయిదుకి ఆయన నా బల్ల దగ్గరికొచ్చి, క్యారేజీలో పై గిన్నె మూత తీశారు. ఖాళీగా తళతళలాడుతోంది.

"ఫోను ఇందులో వెయ్యి అమ్మాయ్."

"ఎందుకు మాస్టారూ?"

"వదులు మూత, తొమ్మిది," అన్నారు. "నీ చుక్కని నేను తిప్పుతాను. నువ్వు తిరిగిరా."

ఫోను తీసి గిన్నెలో వేశాను. "మాస్టారూ, డే కేర్‌లో పాప..."

ఆయన చెవులు మూసుకున్నారు. "ఎక్కడికో చెప్పకు. తెలిస్తే నేనూ యాప్‌నే అవుతాను."

ఫోను లేకుండా వీధిలో నడవడం చెప్పుల్లేకుండా నడిచినట్టుంది. డే కేర్‌లో పాపని ఒళ్లో వేసుకుని అలవాటుగా జేబు తడుముకున్నాను, పాప ఎక్కడుందో చూద్దామని. పాప నన్ను ఎగాదిగా చూసింది.

ఇలా మూడు వారాలు గడిచాయి. నేనొచ్చేసరికి క్యారేజీ గారు వరండాలో క్యారేజీ పట్టుకుని అటూ ఇటూ నడుస్తుండేవారు. "అరగడం లేదమ్మా," అనేవారు అడిగినవాళ్లతో. అరగడానికి అందులో ఏముందని! భోజనం మానేశారేమోనని బెంగపడ్డాను. తర్వాత తెలిసింది, ఇంటి దగ్గరే తిని వస్తున్నారట. "ముప్పై ఏళ్లలో మొదటిసారి పొద్దున్న తొమ్మిదింటికి భోజనం పెట్టమన్నారు తల్లీ. ఎందుకంటే చెప్పరు," అంది ఆవిడ ల్యాండ్‌లైనులో.

నాలుగో వారం మేనేజరు గారు గోడ తెర ముందు నిలబడి చాలాసేపు చూశారు. రోజూ మూడూ నలభైకి నాలుగు చుక్కలు ఒకదాని వెనక ఒకటి కూడా కాదు, ఒకదాని మీద ఒకటి ఎక్కి, మగవాళ్ల మరుగుదొడ్డిలోకి వెళ్తున్నాయి. పదకొండు నిమిషాలు అక్కడే ఉంటున్నాయి. ఆ నాలుగింటిలో రెండు ఆడవాళ్లవి.

ఆయన వెంటనే వెళ్లి తలుపు తోసి చూశారు. లోపల క్యారేజీ గారొక్కరే ఉన్నారు. చేతులు కడుక్కుంటున్నారు. క్యారేజీ కిటికీ గట్టు మీద ఉంది.

"ఇక్కడికి కూడా తెచ్చారా దీన్ని?"

"నమ్మి ఇచ్చిన వస్తువు సార్. బల్ల మీద వదిలేసి రాలేను," అన్నారట క్యారేజీ గారు. అన్నాక నాలుక కరుచుకున్నారట.

నేను డే కేర్ నుంచి వచ్చేసరికి ల్యాబంతా మేనేజరు గారి గది గుమ్మంలో ఉంది. బల్ల మీద క్యారేజీ. దానికి ఒక వైపు మేనేజరు గారు, మరో వైపు చేతులు కట్టుకుని క్యారేజీ గారు. నా భుజం మీద పాప చొంగ మరక ఇంకా ఆరలేదు.

సరిగ్గా అప్పుడు క్యారేజీ నవ్వింది.

పసిపిల్ల కిలకిల. నా కూతురి నవ్వే. దాన్ని రికార్డు చేసి రింగుటోనుగా పెట్టుకున్నాను. ఎన్నడూ ఆ వేళకి చెయ్యని మా ఆయన, ఆ రోజే 'ఎక్కడున్నావ్?' అని అడగడానికి ఫోన్ చేశారు.

"క్యారేజీ నవ్వుతోందేమిటండీ?" అని మేనేజరు గారు క్లిప్పు లాగారు. పై గిన్నెలో నా ఫోను. రెండో గిన్నెలో గాజుసామాను అక్క ఫోను. మూడో దాంట్లో స్టోరు గుమాస్తాది. అడుగున క్యారేజీ గారిది. నేను అక్క వైపు, అక్క గుమాస్తా వైపు, గుమాస్తా నా వైపు తెల్లబోయి చూసుకున్నాం. ఆయన తన ఒక్కరి కోసమే ఇదంతా చేస్తున్నారని ముగ్గురం ఎవరికి వాళ్లం అనుకుంటున్నాం!

"ఏమిటిది?" అన్నారు మేనేజరు గారు.

"దొంగతనం సార్," అన్నారు క్యారేజీ గారు తాపీగా. "ముగ్గురి ఫోన్లూ నేనే కొట్టేశాను."

"నెల రోజులుగానా? మరి వీళ్లు నాకు ఫిర్యాదు చెయ్యలేదే?"

"ఫోన్ చేసి చెబుదామంటే ఫోన్లు నా దగ్గరున్నాయి కదా సార్."

గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు గారు నా భుజం మీది మరక వైపు చూశారు. నేను చేత్తో మరక మూశాను. ఏమనుకున్నారో, చూపు తిప్పుకుని, క్యారేజీ గారిని మూడు రోజుల్లో లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమన్నారు.

"నా గురించి మీరెందుకు ఇరుక్కున్నారు మాస్టారూ? నాలుగు నెలల్లో రిటైర్మెంటు పెట్టుకుని!" అని గదమాయించాను బయటికొచ్చాక. దబాయింపులో ఏడుపు దాచుకోవడం తల్లులకి అలవాటే.

ఆయన గిన్నెలు తిరిగి పేర్చుకుంటూ అన్నారు: "యాప్‌లు రాకముందు పన్నెండేళ్లు హాజరు పట్టీ నా చేతిలోనే ఉండేది అమ్మాయ్. ఆలస్యమైతే ఎర్ర సిరా. నాకంటే ఖచ్చితంగా గీత గీసినవాడు లేడు. కొన్నాళ్లకి జనం నా మొహం చూడటం మానేసి నా పెన్ను చూడటం మొదలుపెట్టారు. అది పట్టుకున్న చెయ్యి ఎలా అయిపోతుందో నాకు తెలుసు. ఆ మేనేజరు కుర్రాడు మంచివాడే. పెన్ను కొంచెం పెద్దది, అంతే."

సంజాయిషీని ఆయన ల్యాబు రిపోర్టు నమూనాలో రాశారు. 'నమూనా: చుక్కలు నాలుగు. సేకరించిన చోటు: మేనేజరు గారి గోడ. పరిశీలన: సదరు మహిళా కెమిస్టు చుక్క రోజూ పదకొండు నిమిషాలు మగవాళ్ల మరుగుదొడ్డిలో ఉన్నట్టు తేలింది. అదే నెలలో ఆమె ఇచ్చిన రిపోర్టులు అంతకుముందు నెలకంటే పద్నాలుగు ఎక్కువ. అభిప్రాయం: రిపోర్టులు మరుగుదొడ్డిలోనే బాగా తయారవుతున్నాయనుకోవాలి, లేదా చుక్క మనిషి కాదనుకోవాలి. తగు నిర్ణయం మేనేజరు గారిది.'

ఆ నిర్ణయం వెలువడకముందే హెడ్డాఫీసు నుంచి ఇంకో నిర్ణయం వెలువడింది. 'మన కుటుంబం' అద్భుతంగా పనిచేస్తున్నందున, మేనేజర్లందరూ కూడా వెంటనే వేయించుకోవాలి. వాళ్ల చుక్కలు హెడ్డాఫీసు గోడ మీద కనిపిస్తాయి.

మేనేజరు గారు ఆ రోజంతా గదిలోంచి బయటికి రాలేదు. వస్తే చుక్క కదులుతుందని కాబోలు. ఇంకో రెండు రోజులు నాలుగింటికి గడియారం చూసుకుని, గేటు దాకా వెళ్లి, ఎర్ర గీత నేల మీద కనిపిస్తున్నట్టు ఆగి, వెనక్కి తిరిగి వచ్చారు.

సోమవారం పొద్దున్న క్యారేజీ గారు ల్యాబులోకి అడుగుపెడుతుంటే ఒక వైపు ఒరిగి నడుస్తున్నారు. చేతిలో కొత్త క్యారేజీ ఉంది. అయిదు గిన్నెలది.

ఆ రోజు నాలుగూ పదికి అయిదో గిన్నెలోంచి సైరను మోత మోగింది. ఆ మోత ఎవరి ఫోనుదో ల్యాబులో తెలియనివాళ్లు లేరు. తల ఎత్తినవాళ్లూ లేరు. అక్క గాజు జాడీలు కడుగుతూనే ఉంది. గుమాస్తా ఆ మోత వినపడకుండా దగ్గుతూనే ఉన్నాడు. సంజాయిషీ ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

"మేనేజరు గారు నాలుగింటికి ఎక్కడికెళ్తారు మాస్టారూ?" అని చెవిలో అడిగాను. ఆగలేకపోయాను.

"మూత వదులుగా పెట్టమన్నారు," అన్నారు క్యారేజీ గారు. "అంతకు మించి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు."

సాయంత్రం డే కేర్ నుంచి పాపని భుజాన వేసుకుని నడిచి వస్తున్నాను. కాలి పట్టీ విప్పి, నా ఫోనులో లొకేషను కూడా ఆపేసి, రెండూ సంచిలో పడేశాను. చల్లగాలికి పాప నా జుట్టు పీకుతూ ఊ కొడుతోంది. తొందరేమీ లేదు కదా అని దూరపు వీధి వైపు తిరిగాను. సంచిలో ఫోను కిలకిలా నవ్వింది.

"ఎక్కడున్నావ్?" అన్నారు మా ఆయన. "నీ చుక్క కనపడటం లేదేంటి?"

"ఉన్నానండీ," అన్నాను.