సముద్రంలోకి దింపేవాణ్ణి ఎంచుకున్న ఆదివారం

ఫోనులో నా గొంతు విన్నవాళ్ళు నన్ను ఆడమనిషి అనుకోరు. ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టిన తంబాకు దుమ్ము వల్లనో, పుట్టుకతోనే అంతో, నా గొంతు బొంగురు. ఆ ఆదివారం అండమాన్ నుంచి మాట్లాడిన మొదటి షాపువాడు కూడా నన్ను "అంకుల్" అన్నాడు. నేను సరిదిద్దలేదు. అంకుల్ అనుకుంటే అడిగినదానికి సరిగ్గా జవాబు చెబుతాడేమో అని ఊరుకున్నాను.

నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే మా చెల్లెలి కోడలు రాస్తోంది. నా మాటలను పుస్తకాల భాషలోకి మారుస్తానంటే సరేనన్నాను. ఎదుటివాళ్ళు అన్న మాటలను మాత్రం ముట్టుకోవద్దన్నాను.

నా బిడ్డ, అల్లుడు జగిత్యాలలో ఉంటారు. బిడ్డ ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. అల్లుడిది సిరిసిల్ల, మరమగ్గాల ఇల్లు. తను మాత్రం జగిత్యాలలో బట్టల దుకాణంలో పని చేస్తాడు. పెళ్ళయి రెండేళ్ళు. ఇద్దరూ కలిసి అండమాన్‌కు టికెట్లు తీసుకున్నారు. అక్కడ వీపుకు గాలి సిలిండరు కట్టి సముద్రం లోపలికి దింపుతారట, చేపలను వాటి ఇంట్లోనే చూడొచ్చట. దింపే షాపులు బోలెడు ఉన్నాయట. ఏది మంచిదో ఫోన్లు చేసి తేల్చుకుందామని అల్లుడు ఆదివారం పెట్టుకున్నాడు. నేను కోరుట్లలో బస్సెక్కి వెళ్ళాను. నన్నెవరూ పిలవలేదు. నా బిడ్డ ఊపిరి సంగతి నాకు తెలుసు కాబట్టి వెళ్ళాను.

నా బిడ్డకు చిన్నప్పటి నుంచి ఆయాసం. మా దగ్గర దమ్ము అంటాం. చలి మొదలైతే ఛాతీలో పిల్లికూతలు పెట్టేది. పెద్దయ్యాక తగ్గింది గాని పోలేదు. సంబంధాలు చూస్తున్న ఏడు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మా చుట్టాల్లో ఎవరూ చెప్పరు. దమ్ము ఉన్న పిల్ల అని తెలిస్తే చూడడానికి కూడా రారు. చెప్పొద్దన్నది నేనే. పెళ్ళయ్యాక కూడా బిడ్డ నోట్లో కొట్టుకునే పంపును హ్యాండ్‌బ్యాగు లోపలి జిప్పులో దాచుకుంటోంది. అల్లుడికి తెలియదు. ఆ ఊపిరితో సముద్రంలోకి దిగుతానంటోంది. వద్దని చెబుదామంటే ఎందుకు వద్దో చెప్పాలి.

నేను వెళ్ళేసరికి అల్లుడు మంచం మీద ఫోను పెట్టుకుని కూర్చున్నాడు.

"అత్తమ్మ, గిది నీకేం సమజైతది. కూసో, చాయ్ తాగు," అన్నాడు నవ్వుతూ.

"సమజు కాదనే అడుగుత. ఎంత లోతుకు తీస్కపోతరు?"

"పది పన్నెండు మీటర్లు."

"అంటే ఎంత?"

"తాటిచెట్టంత, అమ్మ," అంది బిడ్డ.

అప్పుడు నాకు లెక్క తెలిసింది. మా ఆయన తాటిచెట్లు ఎక్కి కల్లు గీసినవాడు. మొదలు పైకి, మొవ్వ కిందికి పెట్టి ఒక తాటిచెట్టును నీళ్ళలో దించినట్టు ఊహించుకున్నాను. ఆ మొవ్వ దగ్గర నా బిడ్డ. భయమేసింది. భయంతో పాటు, అక్కడి నుంచి పైకి చూస్తే ఎండ ఎట్లా కనపడుతుందో అని కూడా అనిపించింది.

అల్లుడు ఫోనును స్పీకరులో పెట్టాడు. మొదటి షాపువాడు హిందీలో మాట్లాడాడు. మా ఆయన గీసిన కల్లును హిందీవాళ్ళకూ అమ్మినదాన్ని, ఆ భాష నాకు కొత్త కాదు. వాడి మాటను మా మాటలోనే చెబుతున్నాను.

"అంకుల్, టెన్షన్ వద్దు. ఈత రాకున్నా దింపుతం. వీడియో ఫ్రీ, ఫొటోలు ఫ్రీ."

"సిలిండరు కట్టేదెవలు? కట్టినంక సూసేదెవలు?"

"అంత మావోళ్ళే, అంకుల్."

"కట్టినోడే సూస్తడా, ఇంకొకడు సూస్తడా?"

"హండ్రెడ్ పర్సెంట్ సేఫ్టీ, అంకుల్," అన్నాడు.

"ఒక్క మనిషి ఎందర్ని పట్టుకుంటడు నీళ్ళల్ల?"

"ఒక్కరినే. రష్ ఉంటే ఇద్దరిని."

"కాయితాలేమన్న నింపాల్నా?" అని బిడ్డ అడిగింది.

"పడవల ఒక్క సంతకం, మేడం. నిమిషం పని."

బిడ్డ ముఖం తేలికపడింది. అల్లుడు "గిదే మంచిగున్నది, ఫొటోలు గూడ ఫ్రీయేనట," అన్నాడు. నాకు నచ్చలేదు. మా ఆయన చెట్టు ఎక్కే ముందు నడుముకు కట్టుకునే మోకును కాలికింద తొక్కిపట్టి రెండుసార్లు లాగి చూసేవాడు. నిన్న చూశాను కదా అని ఏ రోజూ అనుకోలేదు. ఆ తాడును ఎవరు చూస్తారని అడిగితే నూటికి నూరు అని చెప్పేవాడి చేతికి పిల్లను ఎట్లా ఇస్తాం?

రెండో షాపువాళ్ళు ఫోను ఎత్తలేదు. అడ్వాన్సు పంపమని మెసేజీ మాత్రం పెట్టారు.

మూడో షాపులో ఎత్తినవాడు అల్లుడి హిందీ వినగానే తెలుగులోకి దిగాడు. వాళ్ళ తాతలు శ్రీకాకుళం నుంచి అక్కడికి వెళ్ళి స్థిరపడ్డారట. నేను అందుకుని "గట్లనా, ఏ ఊరు మీది?" అనగానే, "చెప్పండి బాబాయ్," అన్నాడు.

బిడ్డ పడీపడీ నవ్వింది. "అన్న, ఆమె మా అమ్మ."

"అయ్యో, ఏమీ అనుకోకండమ్మా. జలుబు చేసిందా?"

"జలుబు కాదు, గొంతే గంత."

"అయితే సరేనమ్మా. జలుబుంటే మేం దింపం. ముక్కు మూసుకుపోతే లోపల చెవులు పేలిపోతున్నట్టు నొప్పెడతాయి."

ఈ మనిషి అడగకముందే ఎవరిని దింపడో చెప్పాడు. నేను కొంచెం దగ్గరికి జరిగి కూర్చున్నాను.

"వచ్చినోళ్ళను దింపకుంట వాపస్ పంపిన్రా ఎప్పుడన్న?"

"నిన్ననే పంపానమ్మా. కొత్తగా పెళ్ళయిన జంట. అబ్బాయికి జలుబు. అమ్మాయి ఒక్కత్తే దిగి, చేపల్ని చూసి వచ్చింది. అతనికి నా మీద కోపం, ఆమె మీద ఇంకా కోపం."

అల్లుడు కూడా నవ్వాడు. ఇక నేను వరసగా అడిగాను. సిలిండర్లో ఏముంటుంది అంటే, మామూలు గాలేనట, వడకట్టి అదిమి నింపుతారట. నీళ్ళలో మాట్లాడుడు ఎట్లా అంటే, చేతులతోనట. బాగుంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. బొటనవేలు పైకి లేపితే బాగుందని కాదు, పైకి తీసుకుపొమ్మని అర్థమట. నేను కూర్చున్నచోటే రెండూ చేసి చూశాను.

"దిగుడు కష్టమా, పైకచ్చుడు కష్టమా?" అని అడిగాను. చెట్టు దగ్గర దిగేటప్పుడే భయం, అందుకే అడిగాను.

"దిగేటప్పుడు చెవులకమ్మా, పైకొచ్చేటప్పుడు ఊపిరితిత్తులకి. లోపల పీల్చిన గాలి పైకొచ్చేకొద్దీ ఉబ్బుతుంది. ఊపిరి వదులుతూ రావాలి. ఛాతీలో ఎక్కడైనా గాలి ఇరుక్కుందంటే తిత్తి చిట్లుతుంది."

"ఎవలకు ఇరుక్కుంటది?"

"ఆయాసం ఉన్నవాళ్ళకమ్మా. అందుకే ముందే ఒక కాగితం పంపుతాను. నింపి పంపితేనే బుకింగు."

బిడ్డ లేచి గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కాగితం అల్లుడి ఫోనులోకి వచ్చింది. అతను ఇద్దరి తరఫునా పైకి చదువుతూ వేలితో కొట్టుకుంటూ పోయాడు. "గుండె జబ్బు, నో. మూర్ఛ, నో. చెవి ఆపరేషన్, నో. చిన్నప్పుడు గాని ఇప్పుడు గాని ఆయాసం, నో." భార్యకు ఆయాసం ఉందా అని అడగాలని కూడా అతనికి తోచలేదు. ఎందుకు తోచాలి?

నేను వంటింట్లోకి వెళ్ళాను. బిడ్డ కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతోంది.

"అమ్మ, నీకు దండం పెడ్త, చెప్పకు. నో కొట్టిండు గద, అయిపాయె."

"ఆ మనిషి ఏం చెప్పిండో ఇన్నవా?"

"లేకుంటె మొదటి షాపుకే పోతం. గాడ కాయితం లేదు. పంపు కొట్టక రెండు నెల్లాయె అమ్మ, నాకేం కాదు."

"రెండు నెల్లా?"

గ్లాసు బోర్లించి, "మొన్న ఒక్కసారి," అంది.

మా ఆయనకు చివరి ఏడాది చెట్టు మీద కళ్ళు తిరిగేవి. నాకు ఒక్కదానికే చెప్పాడు. నలుగురికీ తెలిస్తే తన వంతు చెట్లను ఇంకొకరికి ఇస్తారని అతని భయం. నేనూ ఎవరికీ చెప్పలేదు. మేడిపల్లి దారిలో ఒక చెట్టు దిగుతూ, నిండిన కల్లు లొట్టితో సహా పడ్డాడు. మోకు తెగలేదు, ఒక్క పోగు కూడా చెడలేదు. మేం రోజూ మోకునే చూశాం.

బిడ్డకు ఈ సంగతి తెలుసు. మళ్ళీ చెప్పలేదు. బయటికి వచ్చి అల్లుడి ఎదురుగా నిలబడ్డాను.

"అల్లుడా, ఆయాసం కాడ నో తీసెయ్."

"ఎందుకు?"

"ఉన్నది కాబట్టి. చిన్నప్పటిసంది ఉన్నది. చెప్పొద్దన్నది నేను. దానిది తప్పు లేదు."

అతను ఫోనును చూశాడు, వంటింటి గడపను చూశాడు. నా వైపు చూడలేదు.

"పెండ్లికి ముందు చెప్తే ఏమైతుండె?" అన్నాడు.

"సంబంధం తప్పుతుండె."

తల ఊపాడు. "అవు, తప్పుతుండె. మా అమ్మ వద్దంటుండె. నేను గూడ అమ్మ మాటే వింటుంటి."

అబద్ధం చెప్పి ఓదార్చలేదు. ఆ మాట నన్ను గుచ్చింది గాని, అతని మీద గౌరవం పెరిగింది. బిడ్డ గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"పెండ్లయినంక రెండేండ్లున్నది గద," అన్నాడు ఆమెతో. "గప్పుడన్న చెప్పబుద్ధి కాలేదా?"

"ఇయ్యాల చెప్త, రేపు చెప్త అనుకుంటనే రెండేండ్లాయె."

అతను చెప్పులు వేసుకుని మెట్లు దిగి పోయాడు. తల్లీ బిడ్డలం ఇద్దరం మంచానికి చెరో కొసన కూర్చున్నాం. ఈ సంసారాన్ని నేనే కట్టి నేనే విప్పానా అనుకున్నాను. చాలాసేపటికి అల్లుడు వచ్చాడు. కూర్చోకుండానే మూడో షాపుకు ఫోను కలిపాడు.

"అన్న, ఆయాసం ఉన్నోళ్ళను దింపుతరా?"

"ఛాతీ డాక్టరు పరీక్ష చేసి రాసిస్తేనే. రాయకపోతే ఎంత ఇచ్చినా దింపను. కోపం తెచ్చుకోకండి."

"కోపం నీ మీద లేదన్న," అన్నాడు అల్లుడు.

ఆ వారంలోనే జగిత్యాలలో ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఒక గొట్టాన్ని నోట్లో పెట్టి, ఉన్న ఊపిరంతా ఒక్కసారి ఊదించారు. కంప్యూటరులో గీత గుట్టలా లేచి దిగింది. నాకూ చూపించమన్నాను. మంచి ఊపిరి గీత ఎట్లా దిగుతుంది, నా బిడ్డది ఎట్లా దిగింది అని డాక్టరు వేలు పెట్టి చూపించాడు. బిడ్డది మధ్యలో గిన్నెలా గుంట పడింది. దిగొద్దన్నాడు. మందు మానకుండా వాడి వచ్చే ఏడు మళ్ళీ ఊదమన్నాడు. బిడ్డ ఏడవలేదు. బయటికి వచ్చాక అల్లుడు "నేను గూడ దిగ," అన్నాడు. "నువ్వు దిగు. దిగి అంత జూసి నాకు చెప్పు. నేను పైన తేలుకుంట చూస్త," అంది బిడ్డ.

మిగిలింది సిరిసిల్ల. వియ్యపురాలికి ఫోనులో చెప్పే మాట కాదు. ఒక్కదాన్నే బస్సులో వెళ్ళాను. వాళ్ళ ఇంటి ముందరి గదిలో రెండు మగ్గాలు నడుస్తున్నాయి. ఆ చప్పుడులో చెప్పడం ఎట్లా అని చూస్తుంటే ఆమే ఒక మగ్గం ఆపింది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"మంచిగనే దాచినవ్ వదినె. రెండేండ్లు," అంది.

"తిట్టు. తిట్టించుకుందామనే వచ్చిన."

"తిట్టకుంటె ఊకుంటనా." కానీ తిట్టలేదు. తెగిన పోగును ముడివేసి, చేతులు దులుపుకుంది. "పెండ్లినాడు మీ అన్న దగ్గింది చూసినవ్ గద," అంది తన భర్త గురించి.

"జలుబన్నరు."

"జలుబు పదేండ్లుంటదా వదినె? మగ్గాల దుమ్ము. ఇంట్ల దగ్గుడు మనిషి ఉన్నడంటె పిల్లనియ్యరని మేం గూడ చెప్పలే."

ముందు నేను నవ్వాను. ఆమె నవ్వొద్దనుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఆ గొట్టం సంగతి అడిగింది. ఎంత గట్టిగా ఊదాలి, నొప్పి పెడుతుందా, గీత ఎట్లా వస్తుంది. నేను గాలిలో వేలితో గీసి చూపించాను. వియ్యంకుణ్ణి ఆ డాక్టరు దగ్గరికి తీసుకువస్తానంది.

పిల్లలు అండమాన్ వెళ్ళారు. అల్లుడు దిగిన పొద్దున బిడ్డ పడవలో నుంచి వీడియో ఫోను చేసింది. అప్పటికే ఆమె కళ్ళకు అద్దం కట్టుకుని, రబ్బరు రింగు పట్టుకుని, షాపు పిల్ల ఒకామె పక్కన ఉండగా ముఖం ముంచి చూసి వచ్చిందట.

"ఊపిరెట్లున్నది?" అని గట్టిగానే అడిగాను, పడవలో అందరికీ వినపడేటట్టు.

"మంచిగున్నది అమ్మ."

"చేపలు నిన్ను జూసి ఉరికినయా?"

"ఉరకలే. బజార్ల మనం ఎదురొచ్చినోళ్ళకు జరుగుతం జూడు, గట్ల జరిగినయ్."

"లోపట ఏం రంగున్నది?"

"చెప్పరాదు. వచ్చినంక చెప్త."

"సరే గని, చేపకు నీళ్ళు తడిగ అనిపిస్తయా?"

"గదేం ప్రశ్న అమ్మ," అంది నవ్వుతూ. అంతలోనే నీళ్ళ వైపు తిరిగి, "బుడగలొస్తున్నయ్, ఆయన పైకొస్తున్నడు, పెట్టేస్తున్న," అని పెట్టేసింది.

వాళ్ళు వచ్చాక, చేపకు తడి తెలుస్తుందా అని అల్లుణ్ణి అడిగాను. అతనికీ తెలియదట. ఆ శ్రీకాకుళం తాతల మనిషి నంబరు నా ఫోనులో వేయించుకున్నాను. ఇంకా చేయలేదు. అడగాల్సినవి పోగవుతున్నాయి, ఒక్కసారే చేద్దామని చూస్తున్నాను.